టీ తర్వాతి సగం

ఫిబ్రవరి 5, బుధవారం

నీ కుడిచేతిని ఈ పొద్దున ఒక్కసారైనా తిప్పి చూసుకున్నావా? అది ఇంకా నీదేనని నీకెవరు చెప్పారు?

ఆదివారం ఇలాగే మొదలుపెట్టాలి. గొంతు పెంచకూడదు. అందరూ ఒళ్ళో ఉన్న చేతుల వంక చూసుకుంటారు. అప్పుడు గ్రంథం తెరవాలి.

ఈ పుస్తకం నా కోసమే. థీసిస్‌లు బైండు చేయగా మిగిలిన కాగితం కుట్టి చేసుకున్నాను. ఇందులో నేనూ దేవుడూ తప్ప ఎవరూ లేరు కాబట్టి అబద్ధం రాయను.

మా షాపు గోడమీద యూనివర్సిటీవాళ్ళు ఒక నోటీసు అతికించి పోయారు. ఐరోపా రాజకీయాలు, ప్రజా వ్యవహారాల మీద ఐదు బుధవారాలు ఉపన్యాసాలు, సాయంత్రం నాలుగింటికి, అందరూ రావచ్చు. అతికించినవాడి జిగురు పలచన, ఒక మూల లేచిపోయింది. నా జిగురు పెట్టి నేనే నొక్కాను. నొక్కుతూ చదివాను. ఇరవై ఏళ్ళుగా గ్రంథంలో చెప్పిన పది కొమ్ముల మృగం గురించి, చివరి రోజుల్లో అది మనుషుల కుడిచేతి మీద వేసే గుర్తు గురించి చెబుతున్నాను. ఆ కొమ్ములు ఐరోపాలో కలవబోయే పది దేశాలని మా పెద్దలు ఎప్పుడో లెక్కకట్టి పెట్టారు. చివరికి అది నా గోడమీదికే నడిచి వచ్చింది.

హాలు గుమ్మంలో వాచ్‌మన్ ఆపాడు. "ఏ డిపార్ట్‌మెంటండీ?"

"దేవుడి డిపార్ట్‌మెంటు."

"అయితే వెనక కూర్చోండి. ముందు వరస డీన్‌గారి డిపార్ట్‌మెంటుది."

వెనక బెంచీ మీదే కూర్చున్నాను. చెప్పేది రిటైరైన ప్రొఫెసరమ్మ. తెల్లజుట్టు, మెడలో వేలాడే కళ్ళజోడు, మైకు అక్కర్లేని గొంతు. మొదట ఆరు దేశాలు కలిశాయంది. తర్వాత తొమ్మిది. తర్వాత పది. పది అన్నప్పుడు నా పెన్ను కాగితాన్ని చింపేసింది. ఆ ఏడాది ఎందరో గ్రంథాలు తెరుచుకుని వణికిపోయారనీ, వాళ్ళ వణుకు ఊరికే కొట్టిపారేసేది కాదనీ అంది. యూనివర్సిటీలో, అందరి ముందూ అంది!

ఐదుంబావుకి టీకి లేచారు. టీ తర్వాత ఇంకో సగం ఉందట. నాకు ఐదూ ఇరవై బస్సు. ఆరింటికి మన హాల్లో బుధవారం ప్రార్థన కూడిక. వచ్చేశాను. కావలసింది దొరికేసింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

చేతులు చూసుకున్నారు. అందరూ చూసుకున్నారు. టైర్ల షాపు పైన మన హాల్లో నలభై ఒక్క మంది. ఈ ఏడాదిలో ఇంతమంది ఎప్పుడూ రాలేదు. బాకా (పాటలో అందరినీ ముంచేసే గొంతు, అందుకే ఆ పేరు) స్తోత్రం అని అరిస్తే కిందనుంచి టైర్లవాడు ఏదో పేలిందనుకుని పైకి పరిగెత్తుకొచ్చాడు.

మా అమ్మాయి ముందు వరసలో కూర్చుంది. ఏడో నెల. కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది, పొట్ట అడ్డం. నా మాట ఒక్కటీ వదలకుండా నోటుబుక్కులో రాసుకుంటుంది. పెళ్ళయి నాలుగేళ్ళయినా ఆ అలవాటు మానలేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

రెండో ఉపన్యాసం. ఎవరూ ఓటు వేయని అధికారులు, అందరి మీదా పడే చట్టాలు. టీకి ముందే పదకొండు పేజీలు రాశాను. బస్సు.

ఫిబ్రవరి 19, బుధవారం

మూడో ఉపన్యాసం.

రేపు ప్రతి మనిషికీ ఫోనులో ఒక గుర్తింపు, ఒక నంబరు. మందు కొనాలన్నా అదే, బ్యాంకులో అడుగుపెట్టాలన్నా అదే, సరిహద్దు దాటాలన్నా అదే. ఇవాళ అక్కడ, రేపు అంతటా. అది లేనివాడు ఏ తలుపు కొట్టినా తెరుచుకోదు. ఇవి నా మాటలు కావు, ఆవిడవి. బల్ల మీద చెయ్యి ఆన్చి చెప్పింది. నవ్వలేదు. హాల్లో దగ్గు కూడా వినిపించలేదు.

టీకి లేస్తుంటే వాచ్‌మన్ అన్నాడు: "అయ్యా, మీరెప్పుడూ సగం సినిమాకే వస్తారేంటి?"

"నాకు కథ తెలిసిపోయింది నాయనా."

బస్సులో టిక్కెట్టు అడగడం మరిచిపోయి కూర్చున్నాను. కండక్టరు రెండుసార్లు పిలవాల్సి వచ్చింది. చుట్టూ అందరి చేతుల్లో ఫోన్లు. అందరి తలలూ వంగి ఉన్నాయి. చూడలేక కళ్ళు మూసుకున్నాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

యాభై ఆరు మంది. ఇద్దరు మెట్ల మీద నిలబడ్డారు.

ఆ గుర్తు ఆస్పత్రి గుమ్మంలో మొదలవుతుందని చెప్పాను. ఎందుకంటే అక్కడ మనిషి కాదనలేడు. నొప్పితో ఉన్నవాడు దేనికైనా చెయ్యి చాస్తాడు. ఇది నా నోట్సులో లేదు. ఇంటికొచ్చి వెతికాను, ఎక్కడా లేదు. అక్కడ నిలబడి ఉండగా నోటికి వచ్చింది. ఆత్మే ఇచ్చి ఉంటుంది.

ఇంకో మాట కూడా వచ్చింది. ఆ రోజున మీ సొంతవాళ్ళే వచ్చి మిమ్మల్ని బతిమాలతారు. ఆ దుష్టుడు తల్లి గొంతుతో వస్తాడు, తండ్రి ముఖంతో వస్తాడు. గ్రంథం తెరిచి ఉన్న ఈ బల్ల దగ్గర తప్ప ఇంకెక్కడ ఏ ముఖం ఏం చెప్పినా నమ్మకండి. వాడు ఇక్కడ నిలబడలేడు.

అమ్మాయి కళ్ళ నిండా నీళ్ళు. పెన్ను మాత్రం ఆగలేదు.

ఫిబ్రవరి 25, మంగళవారం

పొద్దున షాపులో ఇద్దరం మడిచిన కాగితాల ఫారాలు కుడుతున్నాం. మా ఆవిడ సూది ఆపి అంది: "ఏమండీ, అమ్మాయి కాళ్ళు చూశారా?"

"ఏమయింది?"

"మీ మృగానికి పది కొమ్ములో ఇరవయ్యో నాకు తెలియదు. పిల్ల కాళ్ళకి చెప్పులు పట్టడం లేదు. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. మొహం కూడా ఉబ్బింది. మన డిస్పెన్సరీ నర్సమ్మ పెద్దాస్పత్రికి చీటీ రాసిచ్చింది."

"మరి వెళ్ళమను."

"మీరు చెప్పండి. నేను చెప్తే ఎక్కదు. మీ కూతురు కదా."

సాయంత్రం చెబుదామనుకున్నాను. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో రాయను.

ఫిబ్రవరి 26, బుధవారం

అమ్మాయికి తలనొప్పి. ఉపన్యాసానికి వెళ్ళాను. సరిహద్దుల గురించి. టీ, బస్సు.

ఫిబ్రవరి 27, గురువారం

అల్లుడు షాపులోకి వచ్చాడు. లిఫ్టు మెకానిక్కు. చేతికి గ్రీజు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కట్టింగు మిషను దగ్గర నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

జరిగింది ఇది. పొద్దున అమ్మాయిని, వాళ్ళమ్మని తీసుకుని పెద్దాస్పత్రికి వెళ్ళాడు. చేర్చుకోవాలన్నారు. కౌంటర్లో ఉన్న పిల్ల అమ్మాయి కుడిచెయ్యి పట్టుకుని ఒక ప్లాస్టిక్ పట్టీ చుట్టింది. పట్టీ మీద నల్ల గీతలు, గీతల కింద నంబరు. అమ్మాయి దాన్ని చూసింది. పక్కనే దూది, కత్తెర పెట్టిన ట్రే ఉంది. కత్తెర తీసుకుని పట్టీ కత్తిరించి, కౌంటరు మీద పెట్టి, బయటికి నడిచి వచ్చేసింది.

"మామయ్యా," అన్నాడు. "మీరు జనాన్ని పైకి తీసుకెళ్తానంటారు. నేనూ అదే పని చేస్తాను. కాకపోతే నేను మళ్ళీ కిందకి కూడా దింపుతాను. దింపండి దాన్ని."

"అది దాని విశ్వాసం బాబూ."

"దాని బీపీ నూట అరవై. అది దేని లెక్క?"

మిషను కింద పడిన కాగితం ముక్కలు ఏరాను. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగాడు. "మీరంటే నాకు కోపం లేదు. భయంగా ఉంది, అంతే."

గ్రంథంలో ఒక తండ్రి, దేవుడడిగాడని, కొడుకును బలి ఇవ్వడానికి కొండెక్కించాడు. కట్టెలు మోయించాడు. చివరి క్షణంలో చెయ్యి ఆగింది. ఆ తండ్రిని లోకమంతా ఇప్పటికీ తలుచుకుంటుంది. దేవుడు ఆపుతాడు. ఆపకుండా ఎప్పుడైనా ఉన్నాడా?

ఫిబ్రవరి 28, శుక్రవారం

కట్టలేదు, కుట్టలేదు. రోజంతా జిగురు కలుపుతూ కూర్చున్నాను.

మార్చి 2, ఆదివారం

అమ్మాయి చేత సాక్ష్యం చెప్పించాను.

నేనే లేపి నిలబెట్టాను. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. పట్టీ కత్తిరించిన సంగతి చెప్పింది, రెండు నిమిషాలు. హాలంతా లేచి నిలబడింది. బాకా పాట ఎత్తుకున్నాడు. వెనకనుంచి మిషను కుట్టే అక్క కేక వేసింది: "నేను కూడా నా చక్కెర జబ్బు మందులు ఆపేస్తాను బ్రదరుగారూ!" అందరూ చప్పట్లు కొట్టారు.

నేనూ కొట్టాను.

అమ్మాయి వేళ్ళు చూశాను. ఉంగరం వేలిలో కూరుకుపోయి ఉంది. చూసి, తల తిప్పుకుని, పాట అందుకున్నాను. ఇక్కడ అబద్ధం రాయనన్నాను కదా, అందుకే రాస్తున్నాను.

మార్చి 3, సోమవారం

పదకొండింటికి ప్రొఫెసరమ్మ స్వయంగా షాపుకి వచ్చింది. చేతిలో కాగితాల కట్ట.

"లైబ్రరీకి ఇప్పటిదాకా అయిన నాలుగు ఉపన్యాసాలూ ఒకే పుస్తకంగా కావాలి. బుధవారానికి ఇవ్వగలరా? ..." నా మొహం చూసి ఆగింది. "అరె, మీరు వెనక బెంచీ నోటుబుక్కు గారు కదూ?"

"అవునండీ."

"నా స్టూడెంట్లు కూడా అంత రాసుకోరు. మీకోసమైనా బాగా చెప్పాలనిపిస్తుంది. టీ వేళకి మాత్రం మాయమైపోతారు. మా టీ అంత ఘోరంగా ఉంటుందా?"

నవ్వింది. నేనూ నవ్వాను. ఏ రంగు అట్ట, ఏ రంగు గుడ్డ అని అడిగాను. ముదురు నీలం చాలంది.

బైండింగు చేసేవాడు కుట్టే ముందు పేజీల వరుస చూడాలి. ఒక్కో కాగితం తిప్పి కింద అంకె సరిపోయిందా అని చూస్తాం. అంకె మాత్రమే చూస్తాం. ముప్పై ఏళ్ళలో ఎన్ని వందల థీసిస్‌లు ఇలా వేళ్ళ కింద పోయాయో. ఆసక్తి పుట్టినచోట ఆగి చదివాను, అదే నా బడి. ఇవాళ ఆగకూడదనుకున్నాను. అంకెలే చూస్తాననుకున్నాను.

మొదటి ఉపన్యాసం ఇరవయ్యో పేజీ దగ్గర సగం కాగితం ఖాళీ. తర్వాతి పేజీలో పెద్ద అక్షరాలు: మన జవాబు.

వెనక్కి తిప్పాను. మొదటి పేజీ మీద, ఇందాక అంకె చూసి దాటేసిన చోట: వారి వాదం.

రెండోది కూడా అంతే. మూడోది కూడా. నాలుగోది. ప్రతిదానికీ రెండు సగాలు. మొదట భయపడేవాళ్ళ వాదం, వాళ్ళ నోటితోనే, ఒక్క మాట తగ్గించకుండా. తర్వాత జవాబు.

తేరుకోవడానికి బయటికి వెళ్ళి నీళ్ళు తాగాను. వచ్చి జవాబులన్నీ విడదీసి వేరే దొంతరగా పెట్టాను. కాగితాలు తారుమారయ్యాయని నాకు నేను చెప్పుకున్నాను. మా ఆవిడ చూసింది. "రెండు పుస్తకాలా?" అని అడిగింది. "కాదు" అన్నాను. "మరి సగం అక్కడ పెట్టారేం?"

ఆ దొంతర మీద బరువు కోసం ఇనప పలక పెట్టాను. సాయంత్రం షాపు మూసే ముందు పలక తీసి, నిలబడే, చదివాను.

ఇప్పుడా దేశాలు పది కావు, ఇరవై ఏడు. ఒకటి ఓటు వేసుకుని తనంతట తాను బయటికి వెళ్ళిపోయింది. కొన్ని అందరికీ కలిపి అచ్చువేసిన ఒకే కరెన్సీ నోటు మాకొద్దన్నాయి. మూడు పేజీలు చేపల మీద ఉన్నాయి: సముద్రంలో ఎవరి పడవ ఎంత పట్టాలో ఏళ్ళ తరబడి అరుచుకుంటున్నారు. ఆ అధికారులను ఇంటికి పంపే హక్కు ఎన్నికైన సభకు ఉంది. ఆ ఫోను గుర్తింపు ఇష్టమున్నవాళ్ళకే అని చట్టంలోనే రాసుంది. చివర ఆవిడ రాసిన వాక్యం: ఇందులో కనిపెట్టి చూడవలసినవి ఉన్నాయి, కానీ భయపడటం కాపలా కాయడం కాదు.

ఇరవై ఏళ్ళు నేను చూపించిన మృగం కూర్చుని చేపల కోసం తగవులాడుతోంది. దాని కొమ్ము ఒకటి లేచి ఇంటికి వెళ్ళిపోయింది.

నవ్వు రాలేదు. ఆస్పత్రి గుమ్మం మాట ఈ నూట అరవై పేజీల్లో ఎక్కడా లేదు. ఏ సగంలోనూ లేదు. అది పూర్తిగా నాది.

మార్చి 4, మంగళవారం

అమ్మాయి ఇంటికి వెళ్ళాను. డిస్పెన్సరీ నర్సమ్మ అప్పుడే బీపీ చూసి గొట్టం చుట్టుకుంటోంది. నన్ను వరండాలోకి లాక్కెళ్ళింది.

"నూట డెబ్బై మీద నూట పది. ఇది వాపు కాదండీ, ఫిట్స్ వచ్చే ముందు మెట్టు. వచ్చిందంటే తల్లీ బిడ్డా ఇద్దరూ. మీకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?"

"అర్థమైంది."

"పట్టీ ఎడమచేతికి కట్టమని చెప్తాను. కాలికి కట్టమంటాను. వద్దంటే మంచానికి కట్టమంటాను. అది ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వకుండా ఉండటానికండీ, ఇంకెందుకూ కాదు. రేపటికల్లా చేరాలి."

లోపలికి వెళ్ళాను. అమ్మాయి గోడకి ఆనుకుని కూర్చుంది. కిటికీకి దుప్పటి కట్టించుకుంది, వెలుతురు పడటం లేదట. పక్కన నోటుబుక్కు.

"అమ్మా, ఆస్పత్రికి వెళ్దాం. నేను పొరబడ్డాను."

తల ఎత్తి చూసింది. మెల్లగా, గోడ వెంట, నా నుంచి దూరంగా జరిగింది.

"మీరు నాన్నేనా?"

"అదేం మాటమ్మా?"

నోటుబుక్కు తెరిచి వేలు పెట్టి చదివింది. ఫిబ్రవరి ఇరవై మూడు. తండ్రి ముఖంతో వస్తాడు. నా మాటలే, కామా కూడా పోకుండా.

"నేను సగమే విని వచ్చానమ్మా. ఆవిడ టీ తర్వాత జవాబు చెప్తుందట. నేను బస్సుకి వచ్చేసేవాణ్ణి."

"టీయా?" అంది. ఆ మాట ఎంత నీచంగా ఉందో నాకే వినిపించింది. "వాడు కూడా ఇలాగే చిన్న చిన్న కారణాలు చెప్తాడన్నారు మీరు."

దగ్గరికి వెళ్ళి తల మీద చెయ్యి వేయబోయాను. కెవ్వుమంది. వంటింట్లోంచి వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చింది. కన్నకూతురు నన్ను చూసి కెవ్వుమంది.

కాసేపటికి తనే అంది, నా వంక చూడకుండా: "మీరు నిజంగా మా నాన్నయితే అక్కడ చెప్పండి. బల్ల దగ్గర, గ్రంథం తెరిచి, అందరి ముందూ. వాడు అక్కడ నిలబడలేడు కదా. అక్కడ చెప్తే ఆ నిమిషంలో బయల్దేరతాను."

"ఆదివారం చెప్తానమ్మా."

"సరే. ఆదివారం దాకా ప్రార్థన చేస్తాను."

వరండాలో నర్సమ్మ అంతా విన్నది. "ఆదివారమా!" అంది. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

మార్చి 5, బుధవారం

బుధవారం కూడిక ఉంది. ఇవాళే అక్కడ చెప్పవచ్చు. కానీ ఉపన్యాసం చివరిది, రెండో సగం చెవులారా వినకుండా ఎలా చెప్పను? కాగితం మీద ఉన్నది ఆవిడ నోట విని రూఢి చేసుకోవాలి కదా. కూడిక నడపమని బాకాకి కబురు పంపాను. ఇది మంచి కారణం. మంచి కారణమే.

పుస్తకం ఇచ్చాను. నీలం గుడ్డ, బంగారు అక్షరాలు, రెండు సగాలూ వరుసలో ఉన్నాయి. టీ తాగాను. టీ బాగానే ఉంది. రెండో సగం విన్నాను.

అయిపోయాక దగ్గరికి వెళ్ళాను. "అమ్మగారూ, మీకు నమ్మకం లేని మాట అంత గట్టిగా ఎలా చెబుతారండీ? వింటే మీరే నమ్ముతున్నట్టు ఉంటుంది."

"అలా ఉండాలి. అవతలివాడి మాట వాడికన్నా బాగా చెప్పగలిగితేనే జవాబు చెప్పే హక్కు వస్తుంది. మన పాత పండితులు చేసింది అదే. ముందు పూర్వపక్షం, తర్వాతే సిద్ధాంతం." కళ్ళజోడు పెట్టుకుని నన్ను పరీక్షగా చూసింది. "ఎందుకు అడుగుతున్నారు? మీరు మొదటి సగమే వినేవారు కదూ..."

ఆవిడకి అర్థమవడం మొదలైంది. చెయ్యి బల్ల మీద పెట్టింది.

"ఎవరికైనా చెప్పారా?"

"లేదండీ," అన్నాను. "ఊరికే, నా కోసం."

అరవైమంది. నాలుగు ఆదివారాల్లో అరవైమంది. ఒకావిడ మందులు మానేసింది. ఒకతి కిటికీకి దుప్పటి కట్టుకుని కూర్చుంది.

ఇంటికొచ్చి ఆదివారం చెప్పవలసింది రాశాను.

మొదటిది: ప్రియులారా, ఈ వారం దేవుడు నాకు కొత్త వెలుగు ఇచ్చాడు. కొట్టేశాను.

రెండోది: కొందరు నా మాటలను అపార్థం చేసుకున్నారు. కొట్టేశాను.

మూడోది: కాలాలు మారాయి, గర్భిణులకు మినహాయింపు ఉన్నట్టు వాక్యం వెలుగులో కనబడుతోంది.

దీన్ని కొట్టేయడానికి ఎక్కువసేపు పట్టింది. నిజానికి బాగుందనిపించింది.

మార్చి 6, గురువారం, పొద్దున పదిన్నర

షాపు తెరవలేదు. మా ఆవిడ రాత్రి అమ్మాయి దగ్గరే ఉండిపోయింది. ఏడింటికి అల్లుడు బండి మీద వచ్చాడు. హెల్మెట్ తీయలేదు.

"కళ్ళ ముందు మెరుపులు కనిపిస్తున్నాయంటోంది. దేవదూతలట. నర్సమ్మ కాదంటోంది. అత్తయ్య ఏడుస్తోంది. ఎత్తుకెళ్దామని చెయ్యి వేస్తే కొరికింది మామయ్యా. నన్ను. చూడండి." ముంజేతి మీద పళ్ళ గుర్తులు. "బలవంతంగా ఎక్కిస్తే ఆ పెనుగులాటలోనే ఫిట్స్ వస్తాయంటోంది నర్సమ్మ. అది తనంతట తను లేచి రావాలి. మీరు చెప్తేనే లేస్తుంది."

"చెప్పాను కదా బాబూ. నమ్మలేదు."

"ఎక్కడ చెప్తే నమ్ముతానందో అక్కడ చెప్పండి."

"ఆదివారం..."

"మామయ్యా, నేను లిఫ్టు పనివాణ్ణి. ఒకసారి ఒక ముసలాయన రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయాడు. తాళం దొరకదు. మేనేజరు ఏమన్నాడో తెలుసా? సోమవారం ఆఫీసు తెరిచాక చూద్దామన్నాడు. నేను తలుపు పగలగొట్టాను. ఉద్యోగం పోతుందన్నాడు. పోలేదు. పోయినా పగలగొట్టేవాణ్ణే." ఒక అడుగు ముందుకు వేశాడు. "పగలగొట్టండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

నిజంగానే వంగాడు. నేను పట్టుకుని లేపాను. అరగంట టైం ఇమ్మన్నాను. దేనికని అడగలేదు. మా ఇంటికి ఎదురుగా ఉన్న టైర్ల షాపు ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. మూడు గంటలయింది, ఇంకా అక్కడే ఉన్నాడు. కిటికీలోంచి హెల్మెట్ కనిపిస్తోంది.

ఈ మూడు గంటలూ ఏం చేశాను? గ్రంథం తిరగేశాను. ఒక మాట దొరికితే చాలు, ఒక ఆసరా. చేప కడుపులోంచి బయటపడి నగరానికి నాశనం ప్రకటించిన ప్రవక్త ఉన్నాడు. నాశనం రాలేదు. జనం బతికారు. ఆయన సంతోషించాలి కదా? అలిగి ఎండలో కూర్చున్నాడు, నా మాట పోయిందని. ఆ పేజీ ఎన్నిసార్లు చదివి నవ్వించానో జనాన్ని.

తర్వాత ఇంకో పేజీ తెరుచుకుంది. ఎప్పుడూ తిప్పేసే పేజీ. యుద్ధానికి వెళ్తూ మొక్కుకున్న సేనాపతి. గెలిచి తిరిగొస్తే గుమ్మంలో మొదట ఎదురొచ్చినదాన్ని దేవుడికి బలిగా అర్పిస్తానన్నాడు. తంబుర మోగిస్తూ ఎదురొచ్చింది ఒక్కగానొక్క కూతురు. ఆయన బట్టలు చించుకున్నాడు. ఏడ్చాడు. అన్నీ చేశాడు. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఒక్కటే చేతకాలేదు. ఏ దేవుడూ ఆపలేదు అక్కడ. కొండ మీద ఆగిన చెయ్యి ఇక్కడ ఆగలేదు. ఇన్నేళ్ళు ఆ కథ ఎందుకు చెప్పలేదో ఇప్పుడు తెలిసింది. చెబితే ఎవరైనా లేచి అడుగుతారు: తప్పు మొక్కు మొక్కానని చెప్పేస్తే ఏం పోయేది?

ఏం పోతుంది?

బ్రదరుగారు అన్న పిలుపు పోతుంది. యాభై ఆరు కుర్చీలు పోతాయి. బాకా పాట మధ్యలో ఆగిపోతుంది. మిషను కుట్టే అక్క మొహం మీద ఉమ్మినా ఉమ్ముతుంది, ఉమ్మనీ, మందులు మళ్ళీ మొదలుపెడితే చాలు. వీధిలో పిల్లలు మృగం తాత అంటారు. భయంగానే ఉంది. దేవుణ్ణి చూసి పుట్టే భయం కాదిది. మనుషుల్ని చూసి. ఇరవై ఏళ్ళుగా ఇదే ఉంది లోపల, దానికి కొమ్ములు నేను తగిలించాను.

చెప్పవలసింది మూడు ముక్కలు. నేను సగం విన్నాను. మిగతాది నేనే కల్పించాను. ఆస్పత్రికి వెళ్ళండి. ఇంతే, కాగితం కూడా అక్కర్లేదు.

గురువారం అయితేనేం. టైర్లవాడి దగ్గర హాలు తాళం ఉంది. అమ్మాయి ఇల్లు రెండు వీధుల అవతల. మంచం మీద కాదు, కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొస్తారు, వాళ్ళమ్మా నర్సమ్మా. బల్ల దగ్గరికి అని చెబితే తనే ఒప్పుకుని వస్తుంది. బాకా ఇంట్లోనే ఉంటాడు, వాడి గొంతుకి వీధంతా కదులుతుంది, పిలవమను. పదిమంది వచ్చినా చాలు. ఎవరూ రాకపోయినా అమ్మాయి వస్తే చాలు. అంబులెన్సు కింద నిలబెట్టమని అల్లుడికి చెప్పు. చెప్పు, ఇంకా రాస్తున్నావేంటి? కొట్టేయడానికి నాలుగోది రాద్దామనుకుంటున్నావా? పెన్ను మూసెయ్యి. గ్రంథం తీసుకో. చెప్పులు తర్వాత, ముందు లే. ఆదివారం అనే మాట ఇంకొక్కసారి అనకు. ఇవాళ. ఇప్పుడు. లే, తలుపు తీసి ఆ పిల్లవాణ్ణి కేకెయ్యి!